కడపలో బ్రౌన్ దొర బంగళా

ఇంగ్లండు పల్లెసీమలలో ప్రభువంశాల పెద్ద భవనాలు అనేకం కలవు. తండ్రి నుండి జ్యేష్ఠపుత్రునికి సంక్రమిస్తూ వచ్చిన ఆ భవనాల చరిత్రయే ఆ వంశాల చరిత్ర. మన కడపలో కూడా ఒక ఇంగ్లీషు దొర బంగళా ఉండేది. దాని యజమాని అవివాహితుడు, వారసులు లేనివాడు. అయినను తెలుగు చదువనేర్చిన ప్రతివారూ ఆ ఇంటికి వారసులేనని మేము భావిస్తున్నాము. ఆ యజమానియే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషాభిమాని. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లండు చేరినది. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు శిక్షణ పొందిన బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఓనమాలు దిద్దినాడు.

1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమితుడైనాడు. 1800లో నిజాము కంపెనీకి వదలిన దత్తమండలాలలో కడప ఒకటి. ఇక్కడి కచేరీలోనే రైతుల నోటి తెలుగు ఆయన చెవినబడినది. తరువాత మచిలీపట్నంలో ఉండగా 1824లో వేమన పద్యాల సేకరణకు పూనుకొన్నాడు. 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించినాడు.

1826లో తిరిగి కడపకు బదిలీ అయిన పిమ్మట ఆయన కొన్న తోట, బంగళా ఒక విద్యాపీఠమైనవి. పండితులకు, లేఖకులకు తన జేబునుండి జీతాలిచ్చి అక్కడ నిలిపినాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన కొలువులో పనిచేసినవారే. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణ చేసేవాడు. ప్రజలు దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. అక్కడి పని తీరు గమనింపదగినది. ఒకే కావ్యానికి ఊరూరి నుండి తాళపత్ర ప్రతులు తెప్పించడం, పాఠాలను పోల్చి లేఖకుల తప్పులను ఏరివేయడం, శుద్ధప్రతిని కాగితంపై వ్రాయించడం, ఆపై టీక కూర్పించడం — ఇదీ క్రమం. చెదలపాలు కానున్న కావ్యాలెన్నో ఈ విధంగా బ్రతికినవి. దొర బదిలీపై వేరే ఊళ్ళకు వెళ్ళినను పని సాగినది. జీతం చాలక అప్పులపాలైనను ఆయన దానిని మానలేదు.

ఉద్యోగజీవితం సుఖంగా సాగలేదు. 1832-33 నాటి గుంటూరు క్షామంలో పైవారు కొరత అన్నదానిని బ్రౌన్ కరువు అనే వ్రాసి వారి ఆగ్రహానికి గురియైనాడు. 1834లో కొలువు పోగా ఇంగ్లండు వెళ్ళినాడు. అక్కడ కంపెనీ గ్రంథాలయంలో పడియున్న తెలుగు వ్రాతప్రతులను మద్రాసుకు పంపించినాడు. 1838లో ప్రభుత్వ పారసీక అనువాదకుడుగా తిరిగి వచ్చినాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. 1854లో, తెలుగున కలిసిన అన్యదేశ్య పదాలకు, మిశ్రభాషా పదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువే కూర్చినాడు. జిల్లా, కచేరీ వంటి మాటలను మైలపడినవని త్రోసివేయక, జనుల నోట మెలగే సొమ్ముగా లెక్కించినాడు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద అభ్యసించే మన విద్యార్థులకు ఇంతకన్న దగ్గరి పాఠం వేరే ఉన్నదా?

ఉద్యోగవిరమణ చేసి 1855లో దేశం విడిచిన బ్రౌన్, లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న కన్నుమూసినాడు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు రెండువేలకు పైబడినవి. వానికి మద్రాసు నెలవైనది. కడప బంగళా మాత్రం చేతులు మారి, శిథిలమై, మొండిగోడలు మిగిలినది.

ఒక శతాబ్దం గడచిన పిమ్మట జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతులు చందాలు ప్రోగుచేసి, ఎర్రముక్కపల్లెలో ఆ స్థలముననే గ్రంథాలయం నిర్మించినారు. అది 1995లో ప్రారంభమై, 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషాపరిశోధన కేంద్రమైనది. వేమనను వెలికితెచ్చిన వాని ఇల్లు వేమన పేరిటి విద్యాలయానికే చేరడం ఎంత ఔచిత్యం!

బ్రౌన్ పన్నులు వసూలుచేసిన కంపెనీ ఉద్యోగియే. ఆ సంగతి మరువరాదు. కాని ఆయన ఇక్కడ ఆర్జించిన ధనాన్ని ఇక్కడి అక్షరాలకే వెచ్చించినాడు. గోడలు కూలినవి; గ్రంథాలు నిలిచినవి. వారసత్వం కోరే విద్యార్థులు ఆ గ్రంథాలయపు గడప త్రొక్కి, ఒక పుస్తకం విప్పిన చాలును.