హెలెనో డి ఫ్రెయిటాస్

హెలెనో డి ఫ్రెయిటాస్ (ఫిబ్రవరి 12, 1920 - నవంబర్ 8, 1959) బ్రెజిల్ దేశానికి చెందిన ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. 1940వ దశకంలో రియో డి జనీరో నగరానికి చెందిన బొటాఫోగో క్లబ్బు తరఫున సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో ఆడి 200కు పైగా గోల్స్ సాధించాడు. ఆటలోని నేర్పుకు ఎంత పేరు పొందాడో, అహంకారానికి, ముక్కోపానికి కూడా అంతే పేరు పొందాడు. ప్రేక్షకుల ఆరాధనతో పాటు వారి ద్వేషాన్ని కూడా చవిచూసిన బ్రెజిల్ తొలితరం తారలలో ఇతడు ముఖ్యుడు. 39 ఏళ్ల వయసులో మానసిక చికిత్సాలయంలో మరణించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

హెలెనో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని సావో జోవో నెపోముసెనో పట్టణంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి మరణానంతరం కుటుంబం రియో డి జనీరోకు తరలివచ్చింది. అక్కడి కోపకబానా సముద్రతీరంలో ఇసుకపై ఆడే ఫుట్‌బాల్‌తో ఇతని క్రీడాజీవితం మొదలైంది. ఆ తీరంలో యువకులకు ఆట నేర్పే నెనెమ్ ప్రాన్షా ఇతని ప్రతిభను గుర్తించాడు. ఆటతో పాటు చదువును కూడా కొనసాగించి హెలెనో న్యాయశాస్త్రంలో పట్టా పొందాడు.

రియో నగరంలో ఆటగాళ్లకు బాహాటంగా వేతనాలు చెల్లించే వృత్తి ఫుట్‌బాల్ 1933లో ప్రారంభమైంది. ఆ తరువాత పేద కుటుంబాల నుండి వచ్చిన యువకులు ఎందరో ఆటను జీవనాధారంగా చేసుకున్నారు. అటువంటి వారి మధ్య పట్టభద్రుడు, ధనికుడు, ఖరీదైన దుస్తులు ధరించి విందులలో తిరిగే హెలెనో ప్రత్యేకంగా కనిపించేవాడు.

బొటాఫోగోలో

1940 నాటికి హెలెనో బొటాఫోగో ప్రధాన జట్టులో స్థానం సంపాదించాడు. అంతకు ముందు ఆ స్థానంలో ఆడిన కార్వాల్యో లెయితె, 1932 నుండి 1935 వరకు వరుసగా నాలుగుసార్లు రియో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ప్రధాన ఆటగాడు. కనుక అతని స్థానంలోకి వచ్చిన హెలెనోపై అభిమానుల ఆశలు మొదటినుండే ఎక్కువ. ఛాతీతో బంతిని అదుపు చేయడంలోనూ, తలతో గోల్స్ సాధించడంలోనూ ఇతడు దిట్ట.

అయితే ఇతడు ఆడినన్నాళ్లూ బొటాఫోగోకు ఆ ఛాంపియన్‌షిప్ దక్కలేదు. జట్టు పలుమార్లు రెండవ స్థానంతో సరిపెట్టుకున్నది. ఓటమిని సహించలేని హెలెనో, బంతిని సరిగా అందించని సహచరులను మైదానంలోనే అందరి ముందు దూషించేవాడు. రిఫరీలతో వాదనకు దిగి తరచుగా మైదానం నుండి బహిష్కృతుడయ్యేవాడు. దీనివలన జట్టు ఒక ఆటగాడు తక్కువగా ఆడవలసి వచ్చేది. ఆ కాలంలో ఆట మధ్యలో మరొక ఆటగాడిని దింపే వీలు సాధారణంగా లేనందున నష్టం మరింత పెరిగేది.

ప్రేక్షకుల ఆగ్రహం

1946లో రీటా హేవర్త్ నటించిన గిల్డా అనే అమెరికన్ చలనచిత్రం విడుదలైంది. అందులోని కథానాయిక అందగత్తె, చంచల స్వభావం గలది. హెలెనోను ఎగతాళి చేయడానికి ప్రత్యర్థి జట్టు, ముఖ్యంగా ఫ్లుమినెన్స్ జట్టు అభిమానులు ఆ పేరును ఎంచుకున్నారు. ఇతడు మైదానంలోకి రాగానే ఆ పేరుతో కేకలు వేసేవారు. ఆ పిలుపు వినగానే ఇతడు నిగ్రహం కోల్పోయేవాడు. ఇతనిని రెచ్చగొడితే బొటాఫోగో ఆట చెడుతుందని ప్రత్యర్థులు త్వరలోనే గ్రహించారు. పురుషుడిని స్త్రీ పేరుతో పిలవడం ఆనాటి సమాజంలో తీవ్రమైన అవమానంగా భావించబడేది.

ఈ ద్వేషానికి హెలెనో ప్రవర్తన ఒక కారణం కాగా, ఇతని సంపద, హోదా మరొక కారణం. అయినప్పటికీ ఇతని ఆటను చూడడానికి ప్రేక్షకులు పెద్దసంఖ్యలో వచ్చేవారు.

జాతీయ జట్టులో

బ్రెజిల్ తరఫున హెలెనో 18 మ్యాచ్‌లు ఆడాడు. 1945లో చిలీలో జరిగిన దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్‌లో 6 గోల్స్ సాధించి, అర్జెంటీనాకు చెందిన నోర్బెర్టో మెండెస్‌తో పాటు అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగా నిలిచాడు. ఆ పోటీలోనూ, 1946 పోటీలోనూ బ్రెజిల్ రెండవ స్థానం పొందింది. రెండవ ప్రపంచయుద్ధం వలన 1942, 1946 సంవత్సరాలలో ప్రపంచ కప్ జరగలేదు. ఆ విధంగా ఉత్తమంగా ఆడుతున్న వయసులో హెలెనోకు ప్రపంచ కప్‌లో ఆడే అవకాశం రాలేదు.

తరువాతి క్లబ్బులు

1948లో బొటాఫోగో ఇతనిని పెద్ద మొత్తానికి అర్జెంటీనాలోని బోకా జూనియర్స్ క్లబ్బుకు అమ్మింది. అదే సంవత్సరం హెలెనో లేని బొటాఫోగో జట్టు వాస్కో డ గామాను ఓడించి, 1935 తరువాత తొలిసారిగా రియో ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నది.

బోకాలో ఎక్కువ కాలం ఇమడలేక హెలెనో 1949లో స్వదేశానికి తిరిగివచ్చి వాస్కో డ గామాలో చేరాడు. ఆ ఏడాది వాస్కో ఛాంపియన్‌గా నిలవడంతో ఇతనికి తొలిసారి రియో ఛాంపియన్‌షిప్ లభించింది. కాని వాస్కోకు, జాతీయ జట్టుకు కూడా శిక్షకుడైన ఫ్లావియో కోస్తాతో తీవ్రంగా తగవుపడ్డాడు. స్వదేశంలో జరిగిన 1950 ప్రపంచ కప్ జట్టులో ఇతనికి చోటు దక్కలేదు.

1950లో కొలంబియాలోని బరాంకియా నగరానికి వెళ్లి జూనియర్ క్లబ్బులో చేరాడు. అప్పట్లో కొలంబియా లీగ్ ఫిఫా నియమాలకు వెలుపల ఉండి, అధిక వేతనాలతో విదేశీ తారలను ఆకర్షించేది. అక్కడ పాత్రికేయుడిగా ఉన్న గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ హెలెనో గురించి వ్రాశాడు. 1951లో రియోలోని అమెరికా క్లబ్బు తరఫున మరకానా స్టేడియంలో ఆడిన ఏకైక మ్యాచ్‌లో, మొదటి అర్ధభాగంలోనే బహిష్కృతుడయ్యాడు. దానితో ఇతని క్రీడాజీవితం ముగిసింది.

అనారోగ్యం, మరణం

హెలెనోకు సోకిన సిఫిలిస్ వ్యాధి సకాలంలో చికిత్స లేక మెదడుకు వ్యాపించింది. ఈథర్ పీల్చే అలవాటు కూడా ఇతని ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. మైదానంలో అహంకారంగా కనిపించిన ప్రవర్తనలో కొంత భాగానికి ఈ వ్యాధి కూడా కారణమై ఉండవచ్చునని తరువాతి కాలంలో పలువురు అభిప్రాయపడ్డారు. గిల్డా అని కేకలు వేసిన ప్రేక్షకులకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. చివరి సంవత్సరాలను మినాస్ జెరాయిస్‌లోని బార్బసేనా పట్టణంలో ఒక చికిత్సాలయంలో గడిపి, నవంబర్ 8, 1959న మరణించాడు.

గుర్తింపు

2006లో మార్కోస్ ఎడువార్డో నెవెస్ ఇతని జీవితచరిత్రను ప్రచురించాడు. ఇతని జీవితం ఆధారంగా జోజె హెన్రిక్ ఫోన్సెకా దర్శకత్వంలో హెలెనో అనే చలనచిత్రం 2012లో బ్రెజిల్‌లో విడుదలైంది. ఇందులో హెలెనో పాత్రను రోడ్రిగో సాంతోరో పోషించాడు. గారించా వంటి తారల రాకకు ముందు బొటాఫోగోకు ఆడిన గొప్ప ఆటగాళ్లలో ఒకడిగా ఇతనిని పరిగణిస్తారు.