గుడియాత్తం ఎన్నుకొన్న ముఖ్యమంత్రి: కామరాజ నాడారుగారు

పండితులు కొందరు కూర్చుండి ఒక నిర్ణయమునకు వచ్చినంతనే అది లోకసమ్మతమగునా? ఈ ప్రశ్న మదరాసు రాష్ట్రమును 1953, 1954 సంవత్సరములలో గట్టిగా కుదిపినది. దానికి సమాధానము చెప్పవలసి వచ్చినవారు పండ్రెండేండ్ల ప్రాయమునకే బడి మానిన శ్రీ కామరాజ నాడారుగారు.

వీరు 1903 జూలై 15వ తేదీన విరుదునగరమున కుమారస్వామి నాడారు, శివకామి అమ్మాళ్ దంపతులకు జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించుటచే చదువు కట్టిపెట్టి మేనమామగారి బట్టలకొట్టులో కూర్చుండవలసి వచ్చెను. పిమ్మట కాంగ్రెసులో చేరి, 1930లో వేదారణ్యము ఉప్పు సత్యాగ్రహమున జైలుకేగిరి. జీవితము మొత్తముమీద ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలలోనే గడిపిరి. 1940 డిసెంబరులో సత్యాగ్రహుల పట్టికకు గాంధీజీ అనుమతి పొందుటకై వార్ధా వెళ్లుచుండగా గుంటూరులో వారిని నిర్బంధించి వేలూరు జైలుకు పంపిరి. జైలులో నుండగనే విరుదునగర పురపాలక సంఘాధ్యక్షునిగా ఎన్నికైరి. 1941 నవంబరులో విడుదలయై వచ్చి, చేయవలసిన పని వేరే యున్నదని ఆ పదవిని వదలుకొనిరి.

ఇక అసలు సంగతి. 1953లో రాజాజీగారి ప్రభుత్వము పల్లెబడులలో క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టెను. పిల్లలకు రోజునకు మూడు గంటలే చదువు. తక్కిన వేళ ఇంటిపట్టున తండ్రి చేయు వృత్తిని నేర్చుకొనవలెను. ఖజానాలో ధనము లేదు, బడికి రాని పిల్లలు లెక్కకు మిక్కిలి. అదే కొట్టము, అదే ఉపాధ్యాయుడు రెండు జట్లకు చదువు చెప్పవచ్చునని రాజాజీగారి ఆలోచన. కాని మంగలి కొడుకు మంగలిగనే, చాకలి కొడుకు చాకలిగనే మిగిలిపోవుటకు పన్నిన కులవిద్య యిది యని రాష్ట్రమంతట ఆందోళన చెలరేగెను. శాసనసభలో పట్టు తప్పగా, ప్రభుత్వము పారూలేకర్‌గారి అధ్యక్షతను నిపుణుల సంఘమును నియమించెను. వారు విచారించి, మొత్తముమీద పథకము మంచిదే యనిరి.

ఆ నిపుణులు తెలివితక్కువవారు గారు. పాఠ్యక్రమము, ఉపాధ్యాయుల కొరత, వ్యయము వంటివి తూచి చూచినచో వారి తీర్పు తప్పనుటకు వీలులేదు. అయితే తరతరములుగా బడి గడప త్రొక్కనివాని భయమును ఏ పట్టికలో వ్రాయుదురు? ప్రజల కోపము నివేదికతో చల్లారలేదు. 1954లో రాజాజీగారు అనారోగ్య కారణమున తప్పుకొనిరి.

నాయకుని ఎన్నికలో కామరాజుగారికి 93 వోట్లు, శ్రీ సి. సుబ్రహ్మణ్యముగారికి 41 వోట్లు వచ్చినవి. గెలిచినవారు ఓడినవారిని దూరముంచుట రాజకీయములలో వాడుక. కామరాజుగారట్లు చేయలేదు. సుబ్రహ్మణ్యముగారిని, వారి పేరు ప్రతిపాదించిన భక్తవత్సలముగారిని సైతము మంత్రివర్గమున చేర్చుకొనిరి. ఏప్రిల్ 13వ తేదీన ప్రమాణస్వీకారము జరిగెను. మే నెలలో పథకము రద్దయ్యెను. శాసనసభలో ఆ మాట ప్రకటించినవారు రాజాజీ మంత్రివర్గములో నుండిన ఆ సుబ్రహ్మణ్యముగారే!

అప్పటికి కామరాజుగారు పార్లమెంటు సభ్యులేగాని రాష్ట్ర శాసనసభ్యులు గారు. ఆరు మాసములలో సభ్యత్వము పొందవలెను. రాజాజీగారి వలె ఎగువ సభకు నామినేషనుతో వచ్చు దారి యుండెను. ఆ దారి విడిచి, స్వంత జిల్లాకు దూరముగా ఉత్తరార్కాడు జిల్లాలోని గుడియాత్తమున ఉపయెన్నికకు నిలిచిరి. కౌండిన్య నది యొడ్డున మగ్గములు నమ్ముకొన్న ఊరది. తమిళముతోపాటు తెలుగు మాట కూడ వీధులలో వినవచ్చును. తండ్రి మగ్గము కొడుకునకు తప్పదా అను ప్రశ్న అచ్చట పుస్తకములలోనిది కాదు, ఇంటింటిది. కాంగ్రెసునకు ప్రబల విరోధులైన పెరియారుగారును, అన్నాదురైగారి ద్రావిడ మున్నేట్ర కళగమును ఈయనను బలపరచుట ఆ యెన్నికలోని వింత. కామరాజుగారు గెలిచిరి.

పథకమును త్రోసివేయుట సులభమే; బడికి రాని పిల్లలను రప్పించుట యెట్లు? ఇచ్చట ఆయన నిపుణులను విడువలేదు. విద్యాశాఖాధిపతి సుందరవడివేలుగారిని చెంత నుంచుకొని, వారి మాట విని, ధనము సమకూర్చు పూచీ తాము వహించిరి. ఆకలిగొన్న బిడ్డకు అక్షరము రుచింపదు గనుక, ఊరివారి చందాలతో మొదలైన మధ్యాహ్న భోజనమును 1956లో ప్రభుత్వ పథకముగా విస్తరింపజేసిరి. అధికారులు చెప్పునది ఓపికగా వినుట, తాము తక్కువ మాటలాడుట, అందరికిని అంగీకారమగు చోటు తెలిసిన పిమ్మటనే నోరు విప్పుట ఆయన పద్ధతి.

1963 అక్టోబరు 2న స్వయముగా ముఖ్యమంత్రి పదవిని విడిచి, మరుసటి యేడు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులైరి. 1964 మే 27న నెహ్రూగారు గతించినపుడు ఇదే పద్ధతిని ఢిల్లీలో ప్రయోగించిరి. ముఖ్యమంత్రులను, పార్లమెంటు సభ్యులను సంప్రదించి, జూన్ 2న లాల్ బహదూర్ శాస్త్రిగారిని పోటీ లేకుండ నాయకునిగా ఎన్నిక చేయించిరి. 1966లో శాస్త్రిగారి మరణానంతరము మాత్రము మొరార్జీ దేశాయిగారు సమ్మతింపక పోటీ పట్టుబట్టిరి. వోట్లు లెక్కింపక తప్పలేదు: ఇందిరాగాంధీగారికి 355, మొరార్జీగారికి 169.

1967లో విరుదునగరమున, పుట్టిన ఊరిలోనే, ఒక విద్యార్థి నాయకుని చేతిలో ఓడిపోయిరి. 1969లో నాగర్‌కోయిలు ప్రజలు పార్లమెంటుకు పంపిరి. 1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతి నాడు, మదరాసులో కన్నుమూసిరి. మరుసటి సంవత్సరము ప్రభుత్వము భారతరత్న బిరుదమునిచ్చెను.