చేపల లెక్క తీసిన డాక్టరు దొర

పాకాల: స్వర్ణముఖి నది పాకాల సమీపంలోని కొండల్లో పుట్టి, తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానలకు పారి, ఎండలకు మడుగులుగా మిగిలే ఇలాంటి ఏళ్లలో చేపజాతులు ఎందుకు తరిగిపోతాయో నూట యాభై ఏళ్ల క్రితమే ప్రభుత్వానికి తెలియజెప్పిన వ్యక్తి డాక్టర్ ఫ్రాన్సిస్ డే. 1639లో మద్రాసు కోటకు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే వేరు, ఈయన వేరు.

డే 1829లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో మేరెస్‌ఫీల్డు అనే ఊళ్లో జన్మించారు. వైద్యవిద్య పూర్తిచేసి 1852లో మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేరారు. కొచ్చిన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఆయన దృష్టి చేపల మీదికి మళ్లింది. ఫలితంగా 1865లో మలబారు చేపలపై ఒక గ్రంథం వెలువడింది. అంతకు ముందే, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే మరో డాక్టరు దక్షిణాది మంచినీటి చేపలను గురించి వ్యాసం రాసి ఉన్నారు. డే ఆ పనిని దేశమంతటికీ విస్తరింపజేశారు. ఒక చేపజాతికి జెర్డన్ పేరు కూడా పెట్టారు.

1871లో ప్రభుత్వం ఆయనను భారతదేశ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. స్వయంగా నదుల వెంట తిరగడంతో ఆయన సరిపెట్టుకోలేదు. జిల్లా అధికారులకూ, తాసిల్దార్లకూ ప్రశ్నలు పంపించి జవాబులు తెప్పించారు. మీ ప్రాంతంలో చేపలు పెరుగుతున్నవా, తరుగుతున్నవా, వల కన్ను ఎంత సన్నం, చేపపిల్లలను కూడా పట్టి అమ్ముతున్నారా అన్నవి అందులో ముఖ్యమైనవి. ఈ సమాచారమంతా 1873లో నివేదికగా అచ్చయింది.

సన్నకన్ను వలలతోనూ, కాలువలకు అడ్డంగా పెట్టే బుట్టలతోనూ చేపపిల్లలు లెక్క లేకుండా నశిస్తున్నాయని డే తేల్చారు. వేసవిలో చేపలు తలదాచుకునే మడుగుల్లో విషం కలపడం మరీ ప్రమాదమని హెచ్చరించారు. ఆనకట్టలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలకు అడ్డు తగులుతున్నాయని, వాటికి దారి వదలాలని సూచించారు.

1875 నుంచి 1878 వరకు భాగాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో దేశంలోని చేపల వివరాలు, బొమ్మలు, ఏ చేప ఎక్కడ దొరుకుతుందన్న సంగతి ఉన్నాయి. వాటికి స్థానికులు వాడే పేర్లనూ, తెలుగు పేర్లతో సహా, చేర్చడం విశేషం. బెస్తవారి నోట విన్న మాటకు శాస్త్రగ్రంథంలో చోటు దక్కిందన్నమాట.

ఉద్యోగ విరమణ తర్వాత ఇంగ్లండులో ఆయనకు చిక్కులు తప్పలేదు. బ్రిటిష్ మ్యూజియంలో చేపల నిపుణుడైన గుంథర్‌తో విభేదాలు ముదిరాయి. 1883లో డే తన చేపల సేకరణలో పెద్ద భాగాన్ని ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియానికి అమ్మివేశారు. ఆ విధంగా మన ఏళ్లలో, చెరువుల్లో పట్టిన చేపలు సముద్రాలు దాటి అక్కడి సీసాల్లోకి చేరాయి.

1889 జూలై 10న చెల్టెన్‌హామ్‌లో డే కన్నుమూశారు. విషం, మందుగుండు ప్రయోగించి చేపలు పట్టడాన్ని నేరంగా పరిగణించే చట్టం 1897లో గాని రాలేదు. అప్పటికి ఆయన నివేదిక వెలువడి 24 సంవత్సరాలు గడిచాయి.

చట్టం రావడం ఒక ఎత్తు, ఏటి ఒడ్డున అది అమలు కావడం మరో ఎత్తు. వేసవి మడుగులో మిగిలిన తల్లిచేపలు కూడా పోతే, వచ్చే వానకు ఏటికి నీళ్లు వస్తాయి గాని చేపలు రావు. డే జీవితమంతా తిరిగి చెప్పింది ఈ ఒక్క సంగతే.