పల్లె పాట కోసం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిన రేఫ్ వాన్ విలియమ్స్



మీ అవ్వ రాగులు విసురుతూనో, నాట్లు వేస్తూనో పాడిన పాట ఒక్కటైనా మీకు వచ్చా? రాకపోతే ఈయన కథ తప్పక చదవండి.

రేఫ్ వాన్ విలియమ్స్ 1872 అక్టోబర్ 12న ఇంగ్లండులోని డౌన్ ఆంప్నీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి చర్చిలో పాదిరి. రేఫ్‌కు మూడేళ్లు నిండకముందే ఆయన పోయారు. తల్లి పిల్లలను తీసుకుని పుట్టింటికి వచ్చేశారు. రేఫ్ లండన్, కేంబ్రిడ్జి, బెర్లిన్‌లలో సంగీతం చదివారు. ఆ రోజుల్లో గొప్ప సంగీతమంటే జర్మనీదే అని అక్కడి చదువుకున్నవాళ్ల నమ్మకం. సొంత ఊళ్ల కూలీలు పాడుకునే పాటలను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1903 డిసెంబరులో ఎసెక్స్ ప్రాంతంలోని ఇంగ్రేవ్ పల్లెలో ముసలివాళ్లకు తేనీటి విందు ఇచ్చారు. రేఫ్ కూడా వెళ్లారు. అక్కడ చార్లెస్ పాటిఫర్ అనే ముసలి కూలీని పాడమంటే, అందరి ముందు పాడనని, ఇంటికొస్తే పాడతానని అన్నాడు. మరునాడే రేఫ్ ఆ ఇంటికి వెళ్లారు. ఆ పాట వింటుంటే, పుట్టినప్పటినుంచీ తనకు తెలిసిన పాటే అనిపించింది.

ఇక అక్కడినుంచి ఆగలేదు. పల్లెపల్లె తిరిగి, 1905లో కింగ్స్ లిన్ రేవులో జాలరుల దగ్గర కూర్చుని, మొత్తం 800కు పైగా పాటలు సేకరించారు. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ కూడా రాసుకునేవారు. ఎందుకంత తొందర? ఆ పాటలు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. వాళ్లతోపాటే పాటలూ పోతాయని ఆయన భయం.

రాసుకున్నవాటిని పెట్టెలో దాచిపెట్టలేదు. 1906లో జాలరుల పాటలతో ‘నార్ఫోక్ రాప్సొడీ’ని పెద్ద వాద్యబృందం కోసం రాశారు. 1914లో, పాడుతూ నింగికెగిరే లార్క్ పిట్ట మీద వయొలిన్ ముఖ్యంగా ఒక రచన మొదలుపెట్టారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 42 ఏళ్ల వయసులో సైన్యంలో చేరి, గాయపడినవాళ్లను మోశారు. తనలాగే పాటలు సేకరించిన మిత్రుడు జార్జ్ బటర్‌వర్త్ 1916లో సోమ్ యుద్ధంలో చనిపోయాడు. 1922లో వచ్చిన ‘పాస్టొరల్ సింఫనీ’ ఇంగ్లండు పచ్చికబయళ్ల గురించే అని చాలామంది అనుకున్నారు. కానీ దాని వెనక ఉన్నవి ఫ్రాన్సు యుద్ధభూమిలో ఆయన చూసిన సాయంత్రాలు.

1958 ఆగస్టు 26న, 85 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన మత్తిగిరి సంగతి చూడండి. బళ్లో నేర్పే తెలుగు పుస్తకంలో ఉంటుంది. అవ్వాతాతల పాటల్లోని తెలుగు మాత్రం వాళ్ల నోట్లోనే ఉంది. రేఫ్ చేతిలో ఎక్కువగా కాగితం, పెన్సిలే ఉండేవి. మీ ఇంట్లో ఫోన్ ఉంది. ఈ ఆదివారం అవ్వ పక్కన కూర్చుని ఒక పాట రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ రాయండి. సిగ్గుపడి పాడనంటే బలవంతం చేయొద్దు. మరునాడు మళ్లీ వెళ్లి అడగండి.