కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

ఇతర భాషా ప్రాంతమున నివసించుచు తెలుగున విద్య నభ్యసించు మన బాలబాలికలకు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారి చరిత్ర మిక్కిలి దగ్గఱిది. ఏలయన, తెలుగువారికి ప్రపంచ జ్ఞానమును తెలుగుననే అందింపబూనిన ఆ మహనీయుని విద్యాభ్యాసములో పెద్దభాగము మహారాష్ట్రుల నడుమ జరిగినది.

ఆయన 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్కగారైన భండారు అచ్చమాంబగారును, ఇంజనీరు ఉద్యోగమున నుండిన బావగారును ఆయనను నాగపురమున తమ యింట నుంచుకొని చదివించిరి. అచట మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి ప్రజ్ఞను ఆ భాషలో గడించిరి. అట్లని ఇంటి భాషను విడువలేదు. పాఠశాల నెఱుగని అచ్చమాంబగారు తమ్ముని సాయముతో చదువు నేర్చి, 1901 నాటికి అబలాసచ్చరిత్ర రత్నమాల యను స్త్రీల చరిత్రలను రచించిరి. తల్లిదండ్రులారా, ఒకరి చదువు ఇల్లంతకు వెలుగైన తీరును గమనింపుడు.

కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.ఎ. పట్టమునొందిన ఆయన మునగాల రాజావారగు నాయని వేంకటరంగారావుగారి కొలువున చేరి దివానైరి. హైదరాబాదు రాజ్యమున తెలుగు మాటాడువారు లక్షలకొలది యున్నను, ఏలుబడి భాష ఉర్దూ. అట్టి నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారు మున్నగు మిత్రులతో కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. అది నేటికిని నిలిచియున్నది.

గ్రంథాలయము వెలసినది, అందుంచుటకు గ్రంథము లేవి? కావ్యములు, పురాణములు కలవు. దేశచరిత్ర, ప్రకృతిశాస్త్రములు, ఇతర దేశములవారి బ్రతుకు తెలుపు పుస్తకములు బహు స్వల్పము. ఇంగ్లీషు రానివానికి ఆ తలుపులు మూసియే యుండెను. ఈ కొఱత తీర్చుటకే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. 1908లో అది మదరాసునకు తరలెను.

మండలివారి తొలి గ్రంథ మెవరి చరిత్రయో విద్యార్థు లూహింపగలరా? రాజుదియు కాదు, కవిదియు కాదు. పేదయింట పుట్టి, ప్రజలచే నెన్నుకొనబడి అమెరికాకు అధ్యక్షుడై, బానిసత్వ నిర్మూలనకు పూనుకొనిన అబ్రహాము లింకనుది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిరి. సామాన్యునకు ఓటు లేని ఆ కాలమున ఇట్టి చరిత్ర నెన్నుకొనుట కాకతాళీయ మని మేము నమ్మజాలము. పిదప చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వెలువడెను. రసాయనము, జీవశాస్త్రము మున్నగు వానికిని గ్రంథములు వచ్చెను. లక్ష్మణరావుగారు స్వయముగా శివాజీ చరిత్రమును రచించిరి. హిందూ మహాయుగముతో ఆగక మహమ్మదీయ మహాయుగమును గూడ వ్రాసిరి. ఇరుగుపొరుగువారి గతమును గూడ మన గతముగా నెంచి చదువవలెనను తలంపు ఇందు మాకు కానవచ్చుచున్నది.

ఇక ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. లోకములోని సకల విషయములను, స్వదేశ విదేశ భేదము లేక, అకారాది క్రమమున తెలుగున వివరింపవలెనని ఆయన సంకల్పము. ఇతరులచే వ్రాయించుటయేగాక అనేక వ్యాసములు తామే వ్రాసిరి. తెలుగున పేరే లేని విషయమునకు ముందు పేరు వెదకవలెను, పిమ్మట వివరణ. మూడు సంపుటములు వెలువడినను అకారమే ముగియలేదు. 1923 జూలై 12వ తేదీన మదరాసులో ఆయన పరమపదించిరి. అప్పటికి వయస్సు నలువదియారేండ్లే. ఆగిన పనిని కొన్నేండ్లకు ఆంధ్రపత్రికాధిపతులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తిరిగి చేపట్టిరి.