కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో ఎవరెస్ట్

ఏన్కూరు: ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం పేరు బడిపిల్లలకూ తెలుసు. ఆ పేరు గల మనిషి రెండు శతాబ్దాల క్రితం కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవుల్లో జ్వరం బారిన పడి, చావు తప్పి బయటపడిన సంగతి మాత్రం మన ప్రాంతంలో కొద్దిమందికే ఎరుక. ఆయనే సర్ జార్జ్ ఎవరెస్ట్.

1790 జూలై 4న జన్మించిన ఎవరెస్ట్ 1806లో ఈస్టిండియా కంపెనీ కొలువుకు భారతదేశం వచ్చారు. జావా దీవిలో సర్వే చేసిన అనుభవంతో 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితులయ్యారు. మరుసటి ఏడాది నిజాం రాజ్యంలోని ఈ రెండు నదుల మధ్య ప్రాంతాన్ని త్రికోణాలుగా కొలిచే బాధ్యత ఆయనపై పడింది. ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకు అందుతాయి. వినడానికి సులువే. అందుకోసం కొండకొనకు థియోడలైటును మోసుకెళ్లాలి, చూపుకు అడ్డొచ్చే చెట్లను నరికించాలి, దూరపు కొండపై నిలిపిన జెండా కనిపించేదాకా కాచుకోవాలి.

వేసవిలో దుమ్ము, ఎండవేడి చూపును కప్పేస్తాయి. వాన వెలిశాకే గాలి తేటపడుతుంది. కనుక వర్షాకాలంలోనే అడవి ప్రవేశించారు. మన్యంలో చలిజ్వరాలు విజృంభించేదీ ఆ కాలంలోనే. ఎవరెస్ట్‌తోపాటు వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ, పరివారంలోని వారెందరో మంచం పట్టారు. కొందరు మరణించారు. అడవి గాలే విషమని నాటి నమ్మకం. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. బరువులు మోసి, జెండాలు పట్టి ప్రాణాలు విడిచిన కూలీల పేర్లు ఏ పటంలోనూ లేవు.

ఆరోగ్యం కోసం ఎవరెస్ట్ 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లారు. తిరిగి వచ్చాక, 1823లో లాంబ్టన్ మరణంతో మహా త్రికోణమితి సర్వే పగ్గాలు చేపట్టారు. కాళ్లూచేతులూ స్వాధీనం తప్పినా పని మానలేదు. 1830లో సర్వేయర్ జనరల్ అయ్యారు. కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు సాగిన కొలతను పూర్తి చేయించి, 1843లో పదవీ విరమణ చేశారు.

శిఖరం ఎత్తు లెక్క తేలింది ఆ తర్వాతే. రాధానాథ్ సిక్దర్ గణించిన ఆ కొండకు 1856లో ఆండ్రూ వా తన గురువు పేరు ప్రతిపాదించారు. దేశీయుల నోట తన పేరు పలకదంటూ ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పారు. అయినా 1865లో ఆ పేరే ఖాయమయింది. మరుసటి ఏడాది డిసెంబరు 1న ఆయన కన్నుమూశారు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని హోవ్ పట్టణంలో సమాధి ఉంది.