ఆయిలర్ పరీక్షించిన రెండు మహాసంఖ్యలు

లియొనార్డ్ ఆయిలర్ పేరు వినని గణిత విద్యార్థి అరుదు. ఆయన శాస్త్రకృషినంతటినీ వర్ణించుట ఈ చిన్న వ్యాసంలో సాధ్యం కాదు. రెండు పెద్ద సంఖ్యల ఆధారంగా ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచుట మాత్రమే మా ఉద్దేశం.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించినాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు కూడ ఆ మార్గమే అనుసరించవలెనని ఆశించినాడు. సుప్రసిద్ధ గణితవేత్త యోహాన్ బెర్నూలీ ఆ యువకుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించినాడు. 1727లో ఆయిలర్ రష్యాకు వెళ్ళి సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరినాడు.

తనతోను, ఒకటితోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. రెండును 1, 2, 4, 8, 16 ఘాతములకు హెచ్చించి ఒకటి కలుపగా వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నియు ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలోనివన్నీ ఇట్టివేయని ఫ్రెంచి మేధావి ఫెర్మా విశ్వసించినాడు. 1729లో గోల్డ్‌బాక్ అను మిత్రుడు ఈ విషయాన్ని లేఖలో ప్రస్తావించినాడు. వరుసలో తరువాతి సంఖ్య 4294967297. ఇది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు. ఈ సంఖ్యకుగల ఏ ప్రధాన కారణాంకమునైనను 64తో భాగింపగా ఒకటే శేషం రావలెనని తరువాత నిరూపించినాడు. అట్టి ప్రధాన సంఖ్యలలో 193, 257, 449, 577ల పిదప అయిదవది 641.

1738 ప్రాంతంలో ఆయన కుడికంటి చూపు పోయినది. 1741లో బెర్లిన్ చేరి, 1766లో మరల పీటర్స్‌బర్గ్ వచ్చినాడు. అంతలో ఎడమకంటిని శుక్లం కమ్మినది. 1771లో ఇల్లు అగ్నికి ఆహుతియైనది. అదే ఏట జరిగిన శస్త్రచికిత్స కూడ ఫలించలేదు. అయినను మనస్సులోనే లెక్కించి, ఇతరులచే వ్రాయించుచు కృషి సాగించినాడు.

రెండవ సంఖ్య ఆ చీకటి దినములకు చెందినది. రెండును 31వ ఘాతమునకు హెచ్చించి ఒకటి తీసివేయగా 2147483647 వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయని 1644లో మెర్సెన్ తన పట్టికలో చేర్చినాడు గాని నిరూపించలేదు. దీనికి ప్రధాన కారణాంకమున్నచో 248తో భాగింపగా 1 గాని 63 గాని శేషం రావలెను. అట్టివానిని 46340 వరకు పరీక్షించిన చాలును. ఒక్కటియు భాగింపలేదు. ఈ ఫలితాన్ని 1772లో ఆయిలర్ తెలిపినాడు. మెర్సెన్ పట్టికలోని 67, 257 ఘాతములు మాత్రం తప్పులని తరువాతి కాలంలో తేలినది. ఆయిలర్ నిగ్గుతేల్చిన ఈ సంఖ్యయే నేడు కంప్యూటర్లలో ధన, ఋణ విలువలు రెండింటినీ సూచించు 32 బిట్ల పూర్ణాంకమునకు గరిష్ఠ పరిమితి.

1783 సెప్టెంబరు 18న ఆయన కన్నుమూసినాడు. ఫెర్మా, మెర్సెన్ ఇద్దరూ గౌరవనీయులే. అయినను ఆయిలర్ ఒకరి మాట తప్పని, మరొకరి మాట ఒప్పని లెక్కించి తేల్చినాడు. పెద్దల మాటను గౌరవించుటకు దానిని పరీక్షించుటయే సరియైన మార్గమని మన విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహింతురుగాక.